మొక్కకొక ముద్ద

అసలు చెట్టుకు ఆకలి అనేది ఉంటుందా, ఉంటే ఎక్కడ ఉంటుంది, వేరులోనా ఆకులోనా, అది ఆకలేనని మనకెలా తెలుస్తుంది, మన కడుపు చూసుకుని దానికీ ఒక కడుపు అంటగడుతున్నామా అన్న సంగతి ఏకాంబరం పదకొండేళ్లుగా ఆలోచిస్తున్నాడు. ఇంకా ఒక కొలిక్కి రాలేదు. మంత్రిగారు ఒక్క సాయంత్రంలో తేల్చేశారు. పెద్దవాళ్లకూ మామూలు వాళ్లకూ తేడా అక్కడే తెలుస్తుంది.

"ఈ ప్రభుత్వం ఉన్నంతకాలం ఈ కొండల్లో ఏ మొక్కా పస్తు పడుకోదు" అని మంత్రిగారు తిరుపతి బహిరంగ సభలో ప్రకటించినట్టు ఆ ఉదయం పేపర్లో వచ్చింది. మొక్క పడుకుంటుందా అని సభలో ఎవరూ అడగలేదు. కొండల్లో నాటబోయే ప్రతి ఎర్రచందనం మొక్కకూ దోసెడు యూరియా. పథకం పేరు 'మొక్కకొక ముద్ద'. ఆ పేరు మంత్రిగారికి భోంచేస్తుండగా తోచిందట. చెయ్యి కడుక్కోకముందే పథకం మంజూరైంది.

అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. ఏకాంబరం తిరుపతి వన పోషణ విభాగంలో మట్టి పరీక్షల సహాయకుడు. అతని గది ఒకప్పుడు సైకిళ్ల షెడ్డు. గోడ పొడుగునా గాజుసీసాల్లో ఏ కొండ మట్టి ఆ కొండ పేరుతో ఉంటుంది. ఆ గదికి మనుషులు రారు. అతనికీ పెద్దగా బాధ లేదు. మట్టితో ఒక సుఖం ఉంది, అది జవాబు కోసం మన మొహంలోకి చూడదు.

పేపరు చదివి ఏకాంబరం మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆ పథకానికి మూలపురుషుడు తానే.

మూడు నెలల కిందట అతను పై అధికారి దామోదరంగారికి రెండు పేజీల రిపోర్టు ఇచ్చాడు. పుత్తూరు రోడ్డులో వడమాలపేట దాటాక ఉన్న నక్కలగుట్ట మట్టిని పరీక్షించి, అక్కడ ఇరవై ఎర్రచందనం మొక్కలు నాటి, పదింటికి యూరియా పెట్టి, పదింటిని వాటి ఖర్మకు వదిలేసి ఏడాదిపాటు చూశాడు. యూరియా తిన్న పది మొక్కలూ బెండ మొక్కల్లా జివ్వున లేచాయి. ఆకు వెడల్పై మెత్తబడింది. చుట్టూ గడ్డి నడుం ఎత్తు పెరిగింది. మెత్తటి ఆకుకు మేకలు వెతుక్కుంటూ వచ్చాయి. మేకలు వదిలినవాటిని ఎండాకాలం చూసుకుంది. పదింట్లో మిగిలింది ఒకటి. వదిలేసిన పదింట్లో తొమ్మిది బతికాయి. పైకి జానెడే ఉన్నాయి. ఒకదాన్ని తవ్వి చూస్తే తల్లివేరు అతని మోచేతికి మించి ఉంది, పక్కవేళ్లకు ఆవగింజలంత బుడిపెలున్నాయి. ఆ బుడిపెలతో అది గాలిలోంచే తన నత్రజని తాను సంపాదించుకుంటుంది. తిండి పెడితే ఆ బుడిపెలు కట్టడం మానేస్తుంది. గుంట తీసేటప్పుడు అడుగున చిటికెడు భాస్వరం చాలు, ఆపైన దాని జోలికి పోకూడదు.

ఇదంతా రెండో పేజీలో ఉంది. మొదటి పేజీ నిండా కొండ కొలతలు, సీసాల నంబర్లు. ఆ పేజీలో చివరి వాక్యం: "ఈ నేల పేదది." రెండో పేజీలో మొదటి వాక్యం: "అయితే ఈ చెట్లు ఆ పేదరికాన్ని నమ్ముకునే బతుకుతున్నాయి."

దామోదరంగారు అనుభవజ్ఞులు. పైవాళ్లు ఒక పేజీకి మించి చదవరని ముప్ఫై ఏళ్ల సర్వీసులో గ్రహించి, ఏ రిపోర్టునైనా మొదటి పేజీ మాత్రమే పైకి పంపుతారు. దాన్ని టాప్ షీట్ అంటారు. ఆ విధంగా మంత్రిగారికి నేల పేదదని మాత్రమే తెలిసింది. ఆయన పేదల మనిషి.

అక్షరాలు ఇంకాస్త చిన్నవిగా రాసి ఉంటే, సీసాల నంబర్లు వెనక పెట్టి ఉంటే, ఆ రెండో వాక్యం మొదటి పేజీలోకి వచ్చేది. ఏకాంబరం ఈ మాట చాలా రోజులు నెమరు వేశాడు. దామోదరంగారి దగ్గరికి పోయి చెప్పాలనుకున్నాడు, రెండుసార్లు పోయాడు కూడా. రెండుసార్లూ ఆయన తలెత్తి "ఏమప్పా" అన్నారు. ఆ ఒక్క మాటతో ఏకాంబరంలోని మనిషి గబగబా వెనక్కి నడిచి ఏదో మూల నిలబడిపోయాడు. ముందు మిగిలిన మనిషి "ఏంలేద్సార్, సంతకం" అన్నాడు.

ఆ వెనక్కి నడిచే మనిషికి ఎనిమిదేళ్ల వయసని ఏకాంబరానికి తెలుసు. నగరి ఊళ్లో అవ్వ ఇంట్లో, మగ్గం పక్కన, వరసగా విస్తళ్లు వేసిన పూట. కడుపు నిండి అతను పెద్దవాళ్లు చేసినట్టే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఇంట్లో చెయ్యి అడ్డం పెడితే వద్దని కాదు, మొగమాటమని అర్థం. అవ్వ "మొగమాటపడొద్దు నాయనా" అని ప్రేమగా గరిటె వంచింది. మసిలే చారు చేతి వెనక పడింది. బొబ్బ మానడానికి నెల పట్టింది. అప్పట్నుంచి ఏకాంబరం ఏ విస్తరి మీదా చెయ్యి అడ్డం పెట్టలేదు. వడ్డించిందల్లా తిన్నాడు. పెళ్లయ్యాక భార్య దేవకమ్మ పెట్టిందీ అంతే. అతని కడుపు ఎప్పుడూ బాగుండదు. చాలు అన్న మాట ఎంత బరువుంటుందో కొలిచే సాధనం తన ల్యాబులో లేదని అనుకుంటుంటాడు.

అక్టోబరులో తొలి వానలకు నక్కలగుట్ట మీద నాలుగు వందల ఎర్రచందనం మొక్కలు నాటారు. అన్నీ ఏకాంబరం నారుమడిలో పెంచినవే. కాపలాకు మునిరత్నమ్మను పెట్టారు. ఆమెది గుట్ట కింది ఊరు, మేకలంటే పడదు, మనుషులంటే కూడా అంతంతే.

ప్రారంభోత్సవం ఎలా చెయ్యాలన్నది పెద్ద చర్చ. రిబ్బను పాతబడింది. మంత్రిగారే ఉపాయం చెప్పారు. మొక్కకు పెట్టేది మొదటి ముద్ద కాబట్టి అన్నప్రాశన చేయాలి. అన్నప్రాశనకు మేనమామ కావాలి కాబట్టి తాను ఉన్నానన్నారు. తిరుపతి నుంచి పురోహితుణ్ని తెచ్చారు. మొక్క ముందు పట్టుబట్ట పరిచి, వరసగా పుస్తకం, కలం, కత్తి, బంగారు ఉంగరం పెట్టారు. పార్టీ జెండా కూడా పెట్టారు. బిడ్డయితే పాకిపోయి దేన్నో ఒకదాన్ని పట్టుకుంటుంది. మొక్క పాకదు కనుక అందరూ గాలి కోసం ఎదురుచూశారు. పది నిమిషాలకు పడమటి గాలి వచ్చి మొక్క జెండా వైపు ఒరిగింది. చప్పట్లు మోగాయి. గాలి పడమర నుంచే వస్తుందని మునిరత్నమ్మను ముందే అడిగి జెండా తూర్పున పెట్టించినవాడు జయరావు. పుత్తూరు వైపు పార్టీకి పెద్ద దిక్కు, ఎరువుల రవాణా కాంట్రాక్టరు, చెరుకు రైతు.

తీరా చూస్తే యూరియా లారీ రాలేదు. దారిలో ఉందని జయరావు చెప్పాడు. ముహూర్తం మించిపోతుంటే, ప్రసాదంగా తెచ్చిన చక్కెర పొంగలిని వెండి గిన్నెలో పెట్టి మంత్రిగారు మేనమామ హోదాలో మొక్క మొదట్లో ఒక ముద్ద పెట్టారు. ఫోటోలు తీశారు. జీపులు వెళ్లిపోయాక మునిరత్నమ్మ కడవెడు నీళ్లు తెచ్చి పొంగలి కడిగేసింది.

"సీమలు పడతాయి సామీ" అంది ఏకాంబరంతో. "లంకణాల్లో పెరిగే పిల్లకాయలు ఇవి. ఉన్నట్టుండి పెండ్లిభోజనం పెడితే యాడ తట్టుకుంటాయి?"

ఏకాంబరం ఆమె వంక చూశాడు. తన రెండో పేజీ ఈమెకెవరు చూపించారా అనుకున్నాడు.

లారీ ఆ రోజే కాదు, ఏ రోజూ రాలేదు. నక్కలగుట్టకు బయలుదేరిన యూరియా మూటలన్నీ పుత్తూరు దగ్గర జయరావు చెరుకు తోటలో తాత్కాలికంగా దిగాయి. దిగినవి అక్కడే నేలలో కలిశాయి. పథకం ప్రకారం ఎరువు నేలలోనే కలవాలి కనుక ఆ మేరకు లక్ష్యం నెరవేరింది. దామోదరంగారు 'డిస్ట్రిబ్యూషన్ కంప్లీటెడ్' అని రాశారు. ఏకాంబరం కింద సంతకం చేశాడు. చేస్తూ తన లోపల వెతుక్కుంటే సిగ్గు కనబడలేదు, హాయి కనబడింది. ఒక దొంగ మీద కృతజ్ఞత కలగడం అతనికది మొదటిసారి. దాన్ని ఏ సీసాలో పెట్టి ఏ పేరు రాయాలో తెలియలేదు.

తర్వాత ఏడాదిన్నర అతని జీవితంలో మంచి కాలం. నెలకోసారి బస్సెక్కి గుట్టకు పోయేవాడు. స్కేలు పెట్టి నాలుగు వందల మొక్కలూ కొలిచేవాడు. అవి పెరిగేవి కావు. ఎండకు ఆకు రాల్చి పుల్లల్లా నిలబడేవి, చినుకు పడగానే మూడేసి రెబ్బలతో చిన్న చిన్న ఆకులు తొడిగేవి. చూసేవాడికి చచ్చినట్టుండి, గోటితో గీరితే లోపల పచ్చగా ఉండేవి. ఏకాంబరానికి తన్ను తాను చూసుకున్నట్టుండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఏడాదిన్నర తర్వాత లెక్కపెడితే మూడు వందల డెబ్బై ఒకటి బతికున్నాయి. ఆ గుట్ట మీద ఎవరు ఏం నాటినా అన్ని బతికిన దాఖలా లేదు.

దామోదరంగారు ఈ సంగతి ఒక్క పేజీలో పైకి పంపారు. సర్వైవల్ పర్సెంటేజ్ రికార్డు స్థాయిలో ఉందనీ, ఇది పూర్తిగా మొక్కకొక ముద్ద ఫలితమనీ రాశారు. మంత్రిగారు పొంగిపోయారు. ఒక్క ముద్దకే ఇంత ఫలితముంటే మూడు ముద్దలకు ఎంత ఉంటుందో ఆలోచించమని అధికారుల్ని అడిగారు. ఎవరికీ లెక్క తప్పలేదు. మొక్కల పుట్టినరోజున ప్రతిదానికీ మూడేసి దోసెళ్ల యూరియా, మంత్రిగారి సమక్షంలో. పుట్టినరోజు అక్టోబరులో రావాలి. కాని మొక్కల పుట్టినరోజులు తిథుల్ని బట్టి కాక మంత్రిగారి టూర్ ప్రోగ్రాంని బట్టి వస్తాయి. ఈసారి ఏప్రిల్ ఇరవై ఆరున వచ్చింది. అప్పటికి వాన పడి నాలుగు నెలలు.

ఆ ఎండలో, ఆ పొడినేలలో, మూడు దోసెళ్లు. వేళ్లు వారంలో మాడిపోతాయి. ఏకాంబరం అయినా పెద్దగా కంగారుపడలేదు. మధ్యలో పుత్తూరుంది. జయరావున్నాడు.

పది రోజుల ముందు మునిరత్నమ్మ చల్లగా చెప్పింది, ఈసారి లారీ నేరుగా గుట్టకే వస్తోందని, మూటలు దించడానికి చోటు చదును చెయ్యమన్నారని. ఏకాంబరం మర్నాడే సెలవు పెట్టి పుత్తూరు బస్సెక్కాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. దొంగతనం మానమని అడగడానికి లోకంలో మాటలున్నాయి. చెయ్యమని అడగడానికి లేవు.

జయరావు ఇంటి ముందు నులకమంచం మీద ఉన్నాడు. కుడిచేతికి, విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టు ఉంది. మజ్జిగ తెప్పించి, ఏం పని మీద వచ్చినావప్పా అని అడిగాడు. ఏకాంబరం గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేల చూశాడు.

"ఈ ఏడు గూడా ఆ మూటలు మీ తోటలోనే దించుకుంటే బాగుంటాదని…"

జయరావు లేచి, రా చూపిస్తానని తోట దగ్గరికి తీసుకుపోయాడు. ఎకరాలకెకరాలు చెరుకు నేల మీద పడుకుని ఉంది, వరదకు వంగినట్టు.

"పోయినేడు మీ యూరియా పెట్టిన పుణ్యం. యేనుగంత లేసింది. లేసి, నిలబడలేక పడకేసింది. ఈ సంవత్సరం కొట్టిన మోళ్లకు కార్శి మొలిసిందీ అట్లే పడింది. దాన్ని తొక్కే జారి నా సెయ్యి ఇరిగింది. గానుగాడిస్తే రసమంతా నీళ్లు. బెల్లం అచ్చులో పోస్తే గట్టిపడలా, పాకం మాదిరి కారిపోయింది. నాకొద్దప్పా."

"తోటకు వెయ్యొద్దు. ఊరికే దించుకోండి. ఎవురికన్నా ఇచ్చేయండి. కొండకు మాత్రం పంపొద్దు."

జయరావు మొహం మారింది. నిజంగా నొచ్చుకున్నాడు.

"అంటే సర్కారు సొత్తు తినమని నాకు సెప్పేదానికి బస్సెక్కి వచ్చినావా? సదువుకున్నోడివి." కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకున్నాడు. "నేను తినేది నాకు అరిగినంతేనబ్బా. అరగనిది ఒక్క మెతుకు ముట్టను. మంత్రికి మాటిచ్చినాను, ఒక్క మూట తగ్గకుండా ఈసారి కొండకు సేరుస్తానని."

తిరుగు బస్సులో ఏకాంబరం కిటికీ పక్కన కూర్చున్నాడు. తన రెండో పేజీని మునిరత్నమ్మ కాక ఈ జిల్లాలో ఇంకో ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకటి పడుకున్న చెరుకు, రెండు జయరావు. ఆ ఒప్పుకోవడం వల్లే తన మొక్కలు చస్తాయి. ఇందులో కోపం తెచ్చుకోవలసింది ఎవరి మీదో వెతికాడు. తిరుపతి వచ్చేదాకా ఎవరూ దొరకలేదు. దిగేముందు ఒకడు కనబడ్డాడు. వాడికి ఎనిమిదేళ్లు, చెయ్యి వెనక బొబ్బ ఉంది.

ఏప్రిల్ ఇరవై ఆరున గుట్ట కింద షామియానా వేశారు. మూడు వందల డెబ్బై ఒక్క మొక్కలకూ రంగు కాగితాలు చుట్టారు. ప్రతి మొక్క దగ్గరా ఒక కార్యకర్త, చేతిలో సత్తు పళ్లెం, పళ్లెంలో తెల్లటి యూరియా. అన్ని మూటలూ వచ్చాయి, ఒక్కటీ తగ్గలేదు. జయరావు నిజాయితీని మంత్రిగారు మైకులో మెచ్చుకున్నారు. కార్యక్రమం ఇది: మంత్రిగారు తన మేనల్లుడికి, అంటే పోయినసారి అన్నప్రాశన చేసిన మొక్కకు, మూడు దోసెళ్లు వేస్తారు. మూడోది పడగానే దామోదరంగారు విజిల్ ఊదుతారు. విజిల్ వినగానే గుట్టంతా ఒక్కసారిగా వడ్డన.

దానికి ముందు దామోదరంగారు మైకు దగ్గరికి వచ్చి, ఈ విజయం వెనక ఉన్న మన మట్టి సైంటిస్టు రెండు ముక్కలు మాట్లాడతారన్నారు. ఏకాంబరం చొక్కా జేబులో రెండు పేజీలు మడిచి పెట్టుకుని వచ్చాడు. రాత్రంతా అద్దం ముందు చదివాడు కూడా. వేదిక ఎక్కాడు. ఎదురుగా తలలన్నీ "ఏమప్పా" అంటున్నట్టున్నాయి. లోపలి మనిషి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఏకాంబరం వాణ్ని గట్టిగా పట్టుకుని నోరు తెరిచాడు.

"ఈ నేల పేదది" అన్నాడు.

కాగితం తిప్పడానికి ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో చప్పట్లు మొదలయ్యాయి. ఆగలేదు. మంత్రిగారు కండువాతో కళ్లొత్తుకున్నారు. పేద నేల కోసం కంటతడి పెట్టిన మంత్రిని ఈ జిల్లా అంతకుముందు చూడలేదు. దామోదరంగారు మైకు తీసుకుని, ఒక్క ముక్కలో ఎంత చెప్పాడు చూశారా అన్నారు. ఏకాంబరం రెండో పేజీ చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. కింద ఎవరో ఆ చేతిలో యూరియా పళ్లెం పెట్టారు. మంత్రిగారి పక్కన నిలబడి పళ్లెం పట్టుకునే గౌరవం అతనికిచ్చారు. కాగితం పళ్లెం కిందికి పోయింది.

మొక్క మోకాలెత్తుంది. ఆ ఎండలో మూడే మూడు ఆకులుంచుకుంది. మంత్రిగారు వంగి మొదటి దోసెడు వేశారు. ఫోటో తీశారు. రెండో దోసెడు వేశారు. కెమెరా అటు వైపు నుంచి తీస్తామంటే ఆగారు. మునిరత్నమ్మ కొంచెం దూరంలో ఒక రాతిగుండు మీద కూర్చుని ఉంది. ఆమె మొక్క వైపు చూడటం లేదు, ఏకాంబరం వైపు చూస్తోంది. దామోదరంగారు విజిల్ నోట్లో పెట్టుకున్నారు. గుట్ట మీద మూడు వందల డెబ్బై పళ్లేలు వంగడానికి సిద్ధంగా ఉన్నాయి.

మంత్రిగారు మూడోసారి దోసిలి పట్టారు. ఆ పట్టడంలో ఆయనకు చిన్నప్పట్నుంచీ పెళ్లిళ్లలో వడ్డించిన అలవాటు కనబడింది. వరసలో కూర్చున్నవాడి మొహం చూడకుండా విస్తరి మాత్రమే చూసే వంపు అది. ఏకాంబరానికి ఆ వంపు తెలుసు. నగరిలో మగ్గం చప్పుడు వినిపించింది. చారు ఆవిరి ముక్కుకు తగిలింది. లోపలి మనిషి అలవాటు ప్రకారం వెనక్కి అడుగు వెయ్యబోయాడు. వెనక గోడ వచ్చింది.

ఏకాంబరం పళ్లెం నేల మీద పెట్టాడు. గొంతుక్కూర్చున్నాడు. మొక్క మొదట్లో, అప్పటికే పడ్డ తెల్లటి కుప్పను పక్కకు తోసి, వేళ్లు చాపి చెయ్యి అడ్డం పెట్టాడు.

దామోదరంగారి విజిల్లోంచి గాలి మాత్రం వచ్చింది. మంత్రిగారు ఆ చేతిని చూశారు. ఎన్నో పంక్తుల్లో ఎన్నో చేతుల్ని చూసిన మనిషి. ఆదరంగా నవ్వారు.

"మొగమాటపడొద్దబ్బా" అని దోసిలి వంచారు.

యూరియా ఏకాంబరం చేతి వెనక పడింది. చల్లగా ఉంది. అతను చెయ్యి తియ్యలేదు.